మిక్స్ చేసినవాళ్ల పేర్లు కూడా వేయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఫిబ్రవరి 6న జమైకా రెగే గాయకుడు బాబ్ మార్లే జయంతికి మీరు వేసిన పూర్తి పేజీ కథనం చదివాను. మార్లే గొంతు, ఆయన నమ్మకాలు, జమైకా రాజకీయాలు అన్నీ చక్కగా రాశారు. ఆ పాటలను టేపు మీదికి ఎక్కించినవాళ్ల గురించి మాత్రం ఒక్క వాక్యం కూడా లేదు. మార్లే పుట్టిన ఆ తారీఖునే, 1989లో, జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో ఒక సౌండ్ ఇంజినీర్‌ని ఆయన ఇంటి ముందే కాల్చి చంపారు. ఆయన అసలు పేరు ఓస్‌బర్న్ రడాక్. లోకానికి కింగ్ టబ్బీ. అప్పటికి ఆయన వయసు 48. హంతకులెవరో ఇవాళ్టికీ తేలలేదు.

నేను హైదరాబాద్‌లో సౌండ్ ఇంజినీర్‌ని. గొంతు, వాయిద్యాల పాళ్లు సరిచూసి ఒక్క పాటగా కలపడం, అంటే మిక్సింగ్, నా పని. మా వృత్తిలో ఉన్నవాళ్లకు టబ్బీ ఎంతటివాడో మీ పాఠకులకు కాస్త చెప్పాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

టబ్బీ పాటగాడు కాదు, వాయిద్యగాడూ కాదు. రేడియోలు బాగుచేసేవాడు, ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేవాడు, ఆంప్లిఫయర్లు సొంతంగా తయారుచేసేవాడు. 1950లు, 60లలో కింగ్‌స్టన్ పేదవాడల్లో పాట వినాలంటే సౌండ్ సిస్టమే దిక్కు. మన జాతరలో మైక్ సెట్ లాంటిదే అనుకోండి, కాకపోతే దాని చుట్టూ పెద్ద వ్యాపారం, అంతకు మించిన పోటీ. ఎవరి బాక్సుల్లో బేస్ గట్టిగా కొడితే జనం వాళ్ల దగ్గరికే పోయేవారు. టబ్బీ కూడా అలాంటిదే సొంతంగా ఒకటి నడిపాడు. మైకు దగ్గర యూ-రాయ్ అనే ఆయన పాట మీద మాటలు కలుపుతుంటే జనం విరగబడేవారు. ఇంకోపక్క డ్యూక్ రీడ్ అనే నిర్మాత దగ్గర డిస్కులు కట్ చేసే పని, అంటే పాటను రికార్డు మీదికి చెక్కడం.

ఆ రోజుల్లోనే ఒక పొరపాటు జరిగిందని అందరూ చెబుతారు. ఒక సౌండ్ సిస్టమ్ యజమాని కోసం డిస్క్ కట్ చేస్తూ ఇంజినీర్ గొంతు ట్రాక్ వదిలేశాడు. ఉత్త వాయిద్యాలే మిగిలిన ఆ డిస్క్ వేస్తే, జనమంతా తామే పాట అందుకున్నారట. అప్పటి నుంచి రికార్డుకు రెండో వైపు గొంతు లేని ‘వెర్షన్’ వేయడం అలవాటైంది. ఆ రెండో వైపుని ఒక కళగా మార్చిన మనిషి టబ్బీ.

1970ల మొదట్లో వాటర్‌హౌస్ అనే పేటలో, డ్రోమిలీ అవెన్యూలోని తమ చిన్న ఇంట్లోనే ఆయన స్టూడియో పెట్టాడు. బ్యాండ్ మొత్తం కూర్చోవడానికి అక్కడ చోటు లేదు. వాయిద్యాలు వేరే స్టూడియోల్లో రికార్డ్ చేసి, నాలుగు ట్రాకుల టేపు పట్టుకుని నిర్మాతలు ఆయన దగ్గరికి వచ్చేవారు. చేతిలో ఉన్నది ఎమ్‌సీఐ అనే కంపెనీ పాత మిక్సర్ ఒకటి. దాని మీద హై-పాస్ ఫిల్టర్ నాబ్ ఒకటి పెద్దది ఉండేది. అది తిప్పే కొద్దీ అడుగు నుంచి బేస్ కోసుకుపోయి, తాళాల చప్పుడు ఈలలా పలచబడుతుంది. ఒక చేత్తో ఆ నాబ్ తిప్పుతూ, ఇంకో చేత్తో గిటార్ శబ్దాన్ని తగ్గించే మీట (ఫేడర్) కిందికి లాగేసేవాడు. గాయకుడి ఒకే ఒక్క మాటని ఎకోలోకి వదిలి, వెంటనే గొంతు మూసేసేవాడు. ఆ మాట తిరిగి తిరిగి అరిగిపోతుంటే కింద డ్రమ్, బేస్ మాత్రం నడుస్తుంటాయి. స్ప్రింగులతో ప్రతిధ్వని పుట్టించే రివర్బ్ పెట్టెని కొట్టి ఉరుము పుట్టించేవాడు. ఇదంతా పాట నడుస్తుండగానే చేతులతో చేయాలి. తప్పు పడితే మళ్లీ మొదటి నుంచి. నేను కంప్యూటర్‌లో ఎన్నిసార్లయినా వెనక్కి వెళ్లి దిద్దుకోగలను కాబట్టి, ఆ పని ఎంత కష్టమో నాకు బాగా తెలుసు.

దానికే డబ్ అని పేరు (మన సినిమా డబ్బింగ్ కాదు). రీమిక్స్ అన్న మాట వినబడిన ప్రతిచోటా దాని మూలాలు కనిపిస్తాయి. అయితే నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది వేరే. ఆ రోజుల్లో జమైకా రికార్డుల మీద ఆయన పేరు అచ్చువేసేవారు, ఆ పేరు చూసి కొనేవాళ్లుండేవారు. 1976లో అగస్టస్ పాబ్లో అనే సంగీతకారుడి ఆల్బమ్‌కి పెట్టిన పేరే ‘కింగ్ టబ్బీ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్’. మిక్స్ చేసినవాడి పేరు శీర్షికలోకి ఎక్కింది! యాభై ఏళ్ల కిందట, మనకన్నా ఎంతో చిన్న దేశంలో, అంత చిన్న ఇంట్లో పనిచేసిన మనిషికి దక్కిన ఆ గౌరవం ఇవాళ ఇక్కడ ఎందుకు దక్కడం లేదు?

ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లూ తక్కువవాళ్లు కాదు. ట్రాన్స్‌ఫార్మర్ల కోసం వచ్చిన కుర్రాడు హోప్టన్ బ్రౌన్ తర్వాత ‘సైంటిస్ట్’ పేరుతో ప్రసిద్ధుడయ్యాడు. లాయిడ్ జేమ్స్, అంటే ప్రిన్స్ జమ్మీ, నిర్మాతగా మారి 1985లో ఒక చిన్న కాసియో కీబోర్డ్‌లోని రిథమ్ మీద కట్టిన పాటతో జమైకా సంగీతం దారే మార్చేశాడు. ఆ రిథమ్‌ని తయారుచేసింది కాసియోలో పనిచేసిన ఒకుడా హిరోకో అనే జపాన్ యువతి. ఆమె పేరు బయటి లోకానికి తెలియడానికి దశాబ్దాలు పట్టింది. తెర వెనక పనిచేసినవాళ్ల సంగతి ఎక్కడైనా ఇంతేనేమో అని బాధ వేస్తుంది.

హక్కుల మాటకొస్తే, మన కాపీరైట్ చట్టం లెక్కలో సౌండ్ రికార్డింగ్‌కు కర్త నిర్మాతే. 2012 సవరణ గీత రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ విషయంలో మేలు చేసింది. ఇంజినీర్‌కు మిగిలేది కూలి, పేరు. నేను రాత్రులు కూర్చుని మిక్స్ చేసిన పాట ఒకటి యూట్యూబ్‌లో విడుదలైనప్పుడు, పోస్టర్ డిజైన్ చేసినవాళ్ల పేరు ఉంది గానీ నా పేరు లేదు. అడిగితే ‘తర్వాత చూద్దాం’ అన్నారు. నా తోటివాళ్లలో చాలామందికి ఇది మామూలే. కొన్ని ఆడియో కంపెనీలు మాత్రం రికార్డింగ్, మిక్సింగ్, మాస్టరింగ్ (విడుదలకు ముందు చివరి మెరుగు) చేసినవాళ్ల పేర్లన్నీ శ్రద్ధగా ఇస్తున్నాయి. వాళ్లు చేయగలిగింది మిగతావాళ్లు ఎందుకు చేయలేరు?

ఇందులో పైసా ఖర్చు లేదు. స్ట్రీమింగ్ యాప్‌లలో క్రెడిట్స్ చూపించే చోటు ఎప్పటి నుంచో ఉంది. పాట పంపేటప్పుడు ఆ గడులు నింపితే చాలు. ఆడియో కంపెనీలు ఆ పని తప్పనిసరి చేసుకోవాలి. కాంట్రాక్ట్‌లోనే రాసుకోవాలని సంగీత దర్శకులు పట్టుబట్టాలి, వాళ్లు అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

మీకూ ఒక విన్నపం. మీ సినిమా పేజీలో కొత్త పాట గురించి రాసేటప్పుడు గాయకుడు, రచయిత, స్వరకర్త పేర్ల పక్కన మిక్సింగ్ చేసినవాళ్ల పేరు కూడా వేయండి. ఆ పేరు దొరక్కపోతే కంపెనీని అడగమని మీ విలేకరులకు చెప్పండి. పత్రిక అడిగితే వాళ్లు ఇస్తారు. మేం అడిగితే ఇవ్వడం లేదు.

ఇట్లు,
ఒక సౌండ్ ఇంజినీర్,
హైదరాబాద్