హైకోర్టు తీర్పు వచ్చాక జీతాల రిజిస్టర్లు ఏమవుతున్నాయి?

సంపాదకులు గారికి,

నమస్కారం. కార్మిక చట్టాల మీద ఏ హైకోర్టు తీర్పు చెప్పినా మన దగ్గరి యాజమాన్యాలు చాలావరకు ‘సుప్రీంకోర్టు తేల్చేదాకా చూద్దాం’ అంటాయి. ముప్పై ఏళ్లకు పైగా ఒక ప్రైవేటు సంస్థలో జీతాల బిల్లులూ పీఎఫ్ చలాన్లూ చూసినవాడిగా నేనూ ఆ మాట అన్నవాణ్నే. వేచి చూడటం తప్పు కాదు. ఆ వేచి చూసే కాలంలో యజమాని ఏం చేస్తున్నాడన్నదే ప్రశ్న. అధిక పెన్షన్ వ్యవహారం ఈ ప్రశ్నను ఎంత ఖరీదైనదిగా మార్చిందో చెప్పడానికే ఈ లేఖ.

1995 నవంబరు 16న మొదలైన ఉద్యోగుల పెన్షన్ పథకంలో యజమాని వాటా నుంచి 8.33 శాతం పెన్షన్ నిధికి వెళుతుంది. అయితే ఆ లెక్క మొదట 5,000, తర్వాత 6,500, 2014 సెప్టెంబరు నుంచి 15,000 రూపాయల జీతం దగ్గర ఆగిపోతుంది. పూర్తి జీతం మీద కట్టాలనుకుంటే యజమానీ ఉద్యోగీ కలిసి ఉమ్మడి ఆప్షన్ ఇవ్వాలి. 2014కు ముందూ తర్వాతా సర్వీసుకు విడివిడిగా వేసే లెక్కలు పక్కన పెట్టి స్థూలంగా చెబితే, 28 ఏళ్ల సర్వీసుకు 15,000 పరిమితి మీద వచ్చే పెన్షన్ నెలకు 6,000 రూపాయలు. అదే 50,000 జీతం మీదైతే 20,000. ఇంత తేడా ఉన్నా, ఆప్షన్ అనేది ఒకటుందని ఉద్యోగులకు చెప్పిన సంస్థలు అరుదు. మా సంస్థ చెప్పలేదు.

ఈ పథకానికి 2014లో చేసిన సవరణ ఆ ఆప్షన్‌ను తొలగించి, అప్పటికే పరిమితికి మించి కడుతున్నవారికి మాత్రం ఆరు నెలల గడువిచ్చింది. కేరళ హైకోర్టు 2018 అక్టోబరు 12న ఆ సవరణను కొట్టివేసింది. మా కార్యాలయంలో ఆ వార్త చదివి ‘కేరళ తీర్పు మనకెందుకు’ అనుకున్నాం. నిజానికి అది కేంద్ర పథకం, దేశమంతటికీ ఒకటే. పార్లమెంటు చేసిన చట్టం రాజ్యాంగబద్ధతపై ఒక హైకోర్టు ఇచ్చిన తీర్పు దేశమంతటా ప్రభావం చూపుతుందని 2004లో కుసుమ్ ఇంగాట్స్ కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది కూడా. అది ఇలాంటి పథకాలకు ఎంతవరకు వర్తిస్తుందన్నది న్యాయవాదులు వాదించుకోవలసిన సంగతి. గుమాస్తాకు మాత్రం పాత రిజిస్టర్లు జాగ్రత్త చేయాలన్న హెచ్చరికగా అది చాలి ఉండవలసింది.

మేం చేసింది అందుకు విరుద్ధం. తీర్పు వచ్చిన మరుసటి ఏడాది కార్యాలయం మారినప్పుడు, 2003కు ముందటి జీతాల రిజిస్టర్లను పాత కాగితాలవాడికి తూకానికి అమ్మేశాం. ఆ నోట్‌ఫైలు మీద సంతకం నాదే.

2022 నవంబరు 4న సుప్రీంకోర్టు తుది తీర్పు చెప్పింది. సవరణ చాలావరకు నిలబడింది. 2014 సెప్టెంబరుకు ముందే ఆప్షన్ ఇవ్వకుండా రిటైరైనవారికి, కేరళలో దక్కిన ఆశ చేజారింది. అప్పటికి సర్వీసులో ఉన్న అర్హులకు మాత్రం మరో నాలుగు నెలల అవకాశం దొరికింది. అంటే, హైకోర్టు తీర్పును నమ్మి తొందరపడినా చిక్కే వచ్చేదని యజమానులు వాదించవచ్చు, అందులో కొంత న్యాయముంది. కానీ రిజిస్టర్లు దాచిపెట్టినందువల్ల, ఉద్యోగులకు ఒక లేఖ రాసినందువల్ల ఏ తీర్పు ఎటు తిరిగినా యజమానికి పోయేదేమీ లేదు.

దరఖాస్తులు మొదలయ్యాక ఆ కాగితాల విలువ తెలిసింది. చేరిన నాటి నుంచి నెలనెలా జీతం ఎంతో యజమాని ధ్రువీకరించాలి. పరిమితికి మించి కట్టడానికి పీఎఫ్ పథకం 26(6) పేరా కింద పీఎఫ్ అధికారి ఇచ్చిన అనుమతి ప్రతి కూడా జతచేయమన్నారు. ఏళ్ల తరబడి ఆ అనుమతి అడగకుండానే డబ్బు తీసుకున్నది ఆ పీఎఫ్ కార్యాలయమే! ఆ ప్రతి లేకుండానే దరఖాస్తు చేసుకునే వీలు కల్పించాలని 2023 ఏప్రిల్ 12న మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది కూడా కేరళ హైకోర్టే. ఉద్యోగుల గడువు 2023 జూలై 11తో ముగియగా, యజమానులకు మాత్రం 2025 జనవరి 31 దాకా పొడిగిస్తూ పోయారు. వచ్చిన దరఖాస్తులు 17.49 లక్షలు, ఆ చివరి పొడిగింపు ఇచ్చేనాటికి 3.1 లక్షలకు పైగా ఇంకా యజమానుల దగ్గరే ఉన్నాయి. మా పాత సహోద్యోగులలో కొందరివీ వాటిలో ఉన్నాయి. బ్యాంకు స్టేట్‌మెంట్ల కోసం, పాత పే స్లిప్పుల కోసం వాళ్లు ఇల్లిల్లూ వెతుక్కున్నారు.

1952 నాటి పీఎఫ్ చట్టంలో, యజమాని కట్టవలసిన బకాయిలు తేల్చే 7ఏ విచారణకు కాలపరిమితి రాయలేదు కాబట్టి రిజిస్టర్లను పారేయడం యజమాని తన కాళ్లు తాను నరుక్కోవడమే. ప్రతి నెలా 27న పీఎఫ్ అధికారులు జిల్లాల్లో జరిపే ‘నిధి ఆప్కే నికట్’ శిబిరాల్లో, ఆ మధ్యకాలంలో వచ్చిన హైకోర్టు తీర్పుల సారాంశాన్ని ఒక పేజీలో తెలుగులో అచ్చువేసి యజమానులకూ కార్మిక సంఘాలకూ ఇవ్వాలని, కేసు తేలేదాకా ఏ రికార్డులు పారేయకూడదో అందులోనే రాయాలని పీఎఫ్ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత జీతాల విభాగ ఉద్యోగి,
విశాఖపట్నం