దుబాసీ కుర్చీలో సూపర్‌వైజర్‌ను కూర్చోబెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

వలస వచ్చి పనిచేసుకునేవాళ్లకు ఆస్పత్రుల్లో, పనిచోట ప్రమాదాల విచారణల్లో దుబాసీగా ఉంటున్నాను. ఈ పనిలో ఉన్నదాన్ని కాబట్టి అధికారులను ఒక్కటి గట్టిగా అడుగుతున్నాను. కార్మికుడి మాటను చెప్పే బాధ్యత అతని యజమాని మనుషులకు అప్పగించకండి.

పరంజా మీంచి పడి కాలు విరిగిన ఒక కార్మికుడి విచారణకు నన్ను పిలిచేసరికే మొదటి వాంగ్మూలం రాసేశారు. అప్పుడు దుబాసీగా కూర్చున్నది అతని సూపర్‌వైజరే. ‘సేఫ్టీ బెల్టు ఇచ్చారు, నేనే సరిగ్గా వాడలేదు’ అని కాగితంలో ఉంది. కింద వేలిముద్ర. దాన్ని అతని భాషలో చదివి వినిపిస్తే ఆ మనిషి బిత్తరపోయాడు. బెల్టు గురించి తననెవరూ అడగనే లేదన్నాడు. బెల్టు ఇచ్చిన మాట నిజమే, పైన దాని కొక్కెం తగిలించడానికి తాడు గానీ కడ్డీ గానీ లేవట. ఎక్కడా తగిలించని బెల్టు పడిపోయేవాణ్ని ఎలా ఆపుతుంది? నష్టపరిహారం తేలాల్సింది సరిగ్గా ఆ ఒక్క ముక్క దగ్గరే. ఒకసారి రికార్డుకెక్కిన వాంగ్మూలాన్ని తర్వాత సరిచేయించడం ఎంత కష్టమో ఆ కేసులో కళ్లారా చూశాను.

ఆస్పత్రుల్లో ఈ భారం పిల్లల మీద పడుతోంది. తల్లి రక్తస్రావం గురించి డాక్టరు అడిగే ప్రశ్నలు బడికెళ్లే పిల్ల ఎలా చెప్పగలదు? ఆ పిల్ల ముందు తల్లి మాత్రం అన్నీ చెబుతుందా? ఇక భర్తే దుబాసీ అయితే, ఒంటి మీద దెబ్బల సంగతి బయటికే రాదు. పిల్లలను దుబాసీలుగా వాడకూడదని నార్వే 2021లో చట్టమే చేసింది, అత్యవసర పరిస్థితుల్లాంటి కొన్ని మినహాయింపులతో.

అన్ని భాషలవాళ్లను ఎక్కడి నుంచి తెస్తామని అడుగుతారు. ఆస్ట్రేలియా ప్రభుత్వం 1973లోనే ఫోన్‌లో దుబాసీ సేవ మొదలుపెట్టింది. దుబాసీ అదే ఊళ్లో ఉండక్కర్లేదు, స్పీకర్ ఫోన్ ఉంటే చాలు. మొబైల్‌లో అనువాదం చేసే యాప్‌లు దారి అడగడానికి, మందుల షాపు ఎప్పుడు తెరుస్తారో తెలుసుకోవడానికి బాగానే పనికొస్తాయి. ఆపరేషన్‌కు సంతకం తీసుకునేటప్పుడు, వాంగ్మూలం రాసేటప్పుడు వాటిని నమ్ముకోవద్దు.

క్రిమినల్ కేసులో నిందితుడికి కోర్టు భాష రాకపోతే దుబాసీని ఉచితంగా ఇవ్వాలని 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక చెబుతోంది. నేరం మోపినవాడికి ఉన్న ఈ రక్షణ కాలు విరిగినవాడికి ఎందుకు ఉండకూడదు? అసలు ప్రమాదం జరగకముందే మొదలుకావాలి ఈ జాగ్రత్త. భద్రతా శిక్షణ కార్మికులకు అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే మాటల్లోనే ఇవ్వాలని అమెరికాలో పనిచోట భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ ఓషా 2010లో స్పష్టం చేసింది. రాని భాషలో గంటసేపు చెప్పి, హాజరు పట్టీలో సంతకం తీసుకుంటే అది శిక్షణ అవుతుందా?

ఇప్పటికిప్పుడు చేయగలిగిన పని ఒకటుంది. వాంగ్మూలం ఫారంలో దుబాసీ పేరు, యజమానితో అతనికున్న సంబంధం రాయడానికి ఒక గడి పెట్టండి. ఆ గడి నింపకుండా కార్మికుడి వేలిముద్ర తీసుకోకండి.

ఇట్లు,
ఒక దుబాసీ