అటవీ అధికారి గారికి బహిరంగ లేఖ: ఆ జింక పిల్లను మచ్చిక కానివ్వకండి

అయ్యా,

తల్లి చనిపోయిన ఆ జింక పిల్లను మీ సిబ్బందికి అప్పగించేటప్పుడు అది నా చొక్కా గుండీని చప్పరిస్తూనే ఉంది. పాలు పట్టాలని ప్రాణం లాగింది కానీ ఆగాను. ఒళ్లు చల్లబడ్డ పిల్లను ముందు వెచ్చబరచాలి, పాలు ఆ తర్వాతే.

ఇప్పుడు నా టెన్షన్ వేరు. వచ్చినవాళ్లంతా దాన్ని ఎత్తుకుని సెల్ఫీలు దిగుతున్నారు. దయచేసి ఆపించండి. మనిషికీ కుక్కకీ బెదరని జింక అడవిలో ఎన్నాళ్లు బతుకుతుంది? పైగా మగది, కొమ్ములొచ్చాక మనుషుల మీదికే రావచ్చు. పాలు పట్టేది ఒక్కరే ఉండాలి, ముద్దుమాటలు వద్దు. తోడుగా ఇంకో జింక పిల్ల దొరికితే మరీ మంచిది.

వదిలేటప్పుడు ఒక్కసారిగా తోలేయకండి. అడవిలోనే కంచె వేసి కొన్ని వారాలు ఉంచండి. తర్వాత తలుపు తెరిచి, మేత మాత్రం ఇంకొన్నాళ్లు అక్కడే పెట్టించండి.

నేను చూడటానికి రాను. అది నన్ను మరిచిపోవాలి.