మేం పూడ్చిన బీటలు మళ్ళీ విచ్చుకున్నాయి

గత వేసవిలో గేటు నుంచి పోర్టికో దాకా కారు దారిలో బీటలు మాచేత పూడ్పించుకున్న తిరుపతి వాసులకు నమస్కారం. వాటిలో కొన్ని మళ్ళీ విచ్చుకున్నాయి. తప్పు మాదే.

తిరుచానూరు రోడ్డు వైపు ఒక ఇంటికి వెళ్తే ఆ ఇల్లాలు మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. పొద్దున వేసిన ముగ్గు చూపించారంతే. మేం వేసిన అతుకు మీదుగా సాగిన గీత వెంట్రుకవాసి తెగి ఉంది. ఆ సందులోంచి చీమలు సన్నటి మట్టి తోడి పోశాయి. సుత్తితో తడితే డొల్ల మోత వచ్చింది.

పగటి ఎండకు కాంక్రీటు వ్యాకోచిస్తుంది, రాత్రికి ముడుచుకుంటుంది. దానితోపాటే బీటా కదులుతుంది. అందులో మేం సాగే గుణం లేని సిమెంటు ముద్ద కూరాం. పైగా మే నెల మధ్యాహ్నాల్లో పని చేసి, రెండు రోజులే నీళ్ళు పట్టాం. మామూలు సిమెంటుకైనా కనీసం 7 రోజులు, బూడిద (ఫ్లై యాష్) కలిపిన పీపీసీ సిమెంటుకు కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. ఇది తెలిసీ తొందరపడ్డాం.

ఇకపై కదిలే బీటను మిషనుతో కోసి, దుమ్ము పూర్తిగా ఊది, ఫోము తాడు దింపి, పైన సాగే పాలియురేతేన్ సీలెంటు నింపుతాం. సిమెంటు కన్నా ఖర్చు చాలా ఎక్కువ, రంగు కూడా కలవదు. అయినా దాన్నే వాడతాం. సిమెంటు పాలు పోసి సరిపెట్టమని అడిగితే ఆ పని ఒప్పుకోం. ఒక అంచు పైకి, ఒక అంచు కిందికి ఉంటే అడుగున మట్టి కుంగినట్టే. అక్కడ పూడ్చడం డబ్బు దండగ. ఆ ముక్క పగలగొట్టి, మట్టి దిమ్మిస కొట్టి, కొత్తగా పోయాలి. అందంగా ఉంటుందని దారంతా ఒకే పలకగా పోయించుకోకండి. 4 అంగుళాల మందానికి 8 నుంచి 10 అడుగులకొకచోట అంగుళం లోతు కోత ఉంటే, వచ్చే బీట ఆ కోతలోనే వస్తుంది.

పాడైన అతుకులన్నీ ఉచితంగా మళ్ళీ చేస్తాం. 2021 నవంబరు వానలు మనం చూసినవే. బీటలోంచి నీరు దిగితే అడుగు మట్టి కొట్టుకుపోతుంది. అందుకే అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు వచ్చేలోగా ముగించాలని పట్టుదలగా ఉన్నాం. బీట పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి పంపండి. తిరుచానూరు రోడ్డు ఇంటితోనే మొదలుపెడుతున్నాం. సీలెంటు గట్టిపడే రెండు మూడు రోజులు కారు బయట పెట్టుకోవలసి వస్తుంది, దయచేసి సహకరించండి.