ఎర్రబడ్డాక కొట్టిస్తే ఏం లాభం?

సంపాదకుల వారికి,

కొలరాడోలో పైన్ చెట్లు ఎండిపోతున్నాయన్న మీ వార్త చదివాను. రాసినందుకు సంతోషం. కానీ పురుగులు చెట్లను తినేస్తున్నాయని ఒక్క ముక్కలో తేల్చేశారు, అది సగం కథే. మౌంటెన్ పైన్ బీటిల్ బియ్యపు గింజంత నల్ల పురుగు. నోటి దగ్గరుండే చిన్న సంచుల్లో ఫంగస్‌ను మోసుకొస్తుంది. బెరడు తొలిచి లోపలికి పోగానే ఆ ఫంగస్ కలపలోకి పాకి, వేళ్ల నుంచి నీళ్లు పైకెక్కే దారులు మూసేస్తుంది. పిల్లపురుగులేమో లోపలి బెరడును, దాంతోపాటు ఈ ఫంగస్‌ను తిని బలుస్తాయి. చెట్టూ ఊరుకోదు, జిగురు కక్కి పురుగును బయటికి నెట్టాలని చూస్తుంది. కానీ అవి వాసనతో తోటివాటిని పిలుచుకుని వందలకొద్దీ మీద పడితే, అందులోనూ వానల్లేక నీరసించి ఉంటే, ఎంతని కక్కుతుంది?

ఇదంతా ఎందుకంటే, మా కాలనీ అసోసియేషన్ వాళ్లు ఎర్రబడ్డ చెట్లనే వెతికి కొట్టిస్తున్నారు. ఆకు ఎర్రబడేది పురుగు పట్టిన మరుసటి వేసవికి. చెట్టంతా ఎర్రబారేసరికి కొత్త తరం చాలావరకు పక్క చెట్లకు ఎగిరిపోయే ఉంటుంది! మంటల భయానికి వాటినీ తీసెయ్యాల్సిందే, కాదనను. కానీ ముందు చూడాల్సింది పచ్చగా ఉంటూనే కాండం మీద జిగురు ముద్దలు, చెట్టు మొదలు దగ్గర రంపపు పొట్టులాంటి పొడి కనబడే చెట్లను. గొడ్డలితో ఓ చోట బెరడు లేపితే, తెల్లగా ఉండాల్సిన కలపలో నీలిచారలు కనిపిస్తాయి, అది ఫంగస్ రంగే. అక్కడిదాకా వచ్చాక ఇక ఏ మందూ పనిచేయదు. మందు కొట్టించేదేదో బాగున్న చెట్లకు, పురుగులు ఎగిరే కాలానికి ముందే కొట్టించాలి.

1996 నుంచి 2013 దాకా ఈ రాష్ట్రంలో సుమారు 34 లక్షల ఎకరాల అడవి దీనివల్ల దెబ్బతింది. మైనస్ 40 డిగ్రీల చలి పడితే పిల్లపురుగులు చస్తాయి, ఇప్పుడు అంత చలి ఎక్కడిది?

క్యాంపింగ్‌కు వెళ్లే మన తెలుగువాళ్లు బెరడుతో ఉన్న పైన్ కట్టెలు కారులో వేసుకుని ఊళ్లు దాటించకండి, మంటేసే చోటే కొనుక్కోండి. నీలిచారల కలపతో చేసిన బల్లలంటే మాత్రం భయం అక్కర్లేదు, బెరడు తీసి ఆరబెట్టిన చెక్కలో ఈ పురుగు బతకదు, పైగా చూడ్డానికి బాగుంటాయి కూడా.

అసోసియేషన్ల వాళ్లు ఆకురాలే కాలంలోనే పచ్చటి చెట్ల కాండాలు చూసుకుని, పురుగు పట్టినవాటిని జులైలోపు కొట్టించి, దుంగల బెరడు తీయించాలి. దీని మీద ఓ వివరమైన కథనం వేయండి, వీలైతే జిగురు ముద్దల ఫొటోతో.

ఇట్లు,
ఒక పాఠకుడు, డెన్వర్ శివారు