నాన్నా, పాప బంతాటకి లక్షలెందుకని అడిగారు కదా

ఫ్రిస్కో, టెక్సస్
మే 2026

నాన్నా,

మీరూ అమ్మా బాగున్నారనుకుంటున్నా. మొన్న ఫోన్లో పాప సాకర్ (మన ఫుట్‌బాల్‌నే ఇక్కడ అలా అంటారు) ఫీజు సంగతి విని "బంతి తన్నడానికి మూడు లక్షలేంటమ్మా" అన్నారు, నాకప్పుడు మీటింగ్ ఉండి పెట్టేశా గానీ మీ గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ వినపడింది. జెడ్పీ హైస్కూల్లో పీఈటీగా రిటైరైన మనిషికి, ఊళ్ళో ఆడపిల్లల ఇళ్ళకెళ్ళి వాళ్ళ అమ్మానాన్నల్ని బతిమాలి ఖోఖో టీముకి తెచ్చుకున్న మనిషికి ఇది రెండు ముక్కల్లో చెప్తే సరిపోదు. అందుకే కూర్చుని రాస్తున్నా, అమ్మకి కూడా చదివి వినిపించండి.

అసలు ఇక్కడ ఆడపిల్లల ఫుట్‌బాల్ ఇంత పెద్దది ఎందుకయిందో ముందు చెప్పాలి. 1972లో టైటిల్ నైన్ అని చట్టం వచ్చింది, గవర్నమెంట్ డబ్బు తీసుకునే స్కూళ్ళూ కాలేజీలూ ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ సమానంగా అవకాశాలివ్వాలని. కాలేజీల్లో మగపిల్లల అమెరికన్ ఫుట్‌బాల్ (అది వేరే ఆట, బంతి చేత్తో పట్టుకుని పరిగెడతారు) టీముకే మొన్నమొన్నటి దాకా 85 స్కాలర్‌షిప్‌లు ఉండేవి, దానికి సరితూగేలా ఆడపిల్లల వైపు కూడా చాలామందిని తీసుకోవాలి కదా, సాకర్ అయితే టీముకి పాతిక ముప్పై మంది పడతారు, కాబట్టి కాలేజీలన్నీ ఆడపిల్లల సాకర్ పెట్టుకుంటూ పోయాయి. వాళ్ళ దేశం టీము 1991, 1999, 2015, 2019లో నాలుగు సార్లు వరల్డ్ కప్ గెలిచిందంటే దాని వెనక ఈ చట్టం ఉంది. ఇది చాలా గొప్ప సంగతి నాన్నా, నేను మనస్ఫూర్తిగా అంటున్నా. పాప పుట్టినప్పుడే నాకు తెలుసు ఈ దేశంలో ఆడపిల్ల గ్రౌండులో పరిగెడితే ఎవరూ వింతగా చూడరని.

చిక్కంతా మధ్యలో ఉంది. మీ రోజుల్లో ఎలా ఉండేది, మండలంలో గెలిస్తే డివిజన్, అక్కడ గెలిస్తే జిల్లా, జిల్లా సెలెక్షన్స్‌లో బాగా ఆడితే రాష్ట్రం. ఎర్రబస్సు ఛార్జీలూ భోజనాలూ ఎలాగో సర్దేవాళ్ళు, చాలకపోతే మీ జేబులోంచి పెట్టేవాళ్ళు, కానీ గెలిచిన పిల్ల పైకెళ్ళేది. ఇక్కడ స్కూలుతో సంబంధం లేకుండా డబ్బు కట్టి ఆడే క్లబ్ సాకర్‌లో ఆ మెట్లే లేవు. అన్నిటికంటే పైన ఎలైట్ క్లబ్స్ నేషనల్ లీగ్ అని ఉంది, అందరూ ఈసీఎన్ఎల్ అంటారు, 2009లో 40 క్లబ్బులతో మొదలైంది. 2017లో యూఎస్ సాకర్, అంటే ఇక్కడి ఫుట్‌బాల్ సమాఖ్య వాళ్ళు దానికి పోటీగా ఆడపిల్లల డెవలప్‌మెంట్ అకాడమీ పెట్టారు, అందులో చేరిన పిల్లలు తమ హైస్కూల్ టీముకి ఆడకూడదని రూలు, అది 2020 ఏప్రిల్‌లో కరోనా టైములో మూతపడింది, ఆ క్లబ్బుల్లో చాలా వాటితో గర్ల్స్ అకాడమీ అనే ఇంకో లీగ్ పుట్టింది. ఈ లీగుల్లోకి ఏ క్లబ్ రావాలో లీగ్ వాళ్ళే నిర్ణయిస్తారు. కింది లీగ్‌లో మన టీము ఏడాది పొడుగునా ఒక్క మ్యాచ్ ఓడకపోయినా పైకి పోదు. పైకి పోవాలంటే పిల్లే క్లబ్ మారాలి. అంటే పన్నెండేళ్ళ పిల్లలు మంచి టీముగా కుదిరారనుకోండి, సీజన్ అయిపోగానే అందులో బాగా ఆడేవాళ్ళు నలుగురైదుగురు వేరే క్లబ్‌కి పోతారు, మిగిలిన వాళ్ళ టీము చెల్లాచెదురవుతుంది. అమ్మానాన్నల పోటీ అంతా దీని చుట్టూనే. పిల్ల ఎలా ఆడుతోంది అనేదానికంటే చొక్కా మీద ఏ లీగ్ బ్యాడ్జి ఉంది అనేదే పెద్ద విషయం అయిపోయింది.

ఆ బ్యాడ్జికి అంత విలువ ఎందుకంటే కాలేజీ కోచ్‌లు. షోకేస్ అని పెడతారు, ఫీనిక్స్‌లోనో ఫ్లోరిడాలోనో దేశం నలుమూలల నుంచి టీముల్ని ఒకచోటికి పిలిచి మూడ్రోజులు మ్యాచ్‌లు ఆడిస్తారు, గీత పక్కన కోచ్‌లు పేపర్లు పట్టుకుని నిలబడి నంబర్లు రాసుకుంటారు. పిల్ల టెన్త్ గ్రేడ్ అయ్యాక జూన్ 15 నుంచే పెద్ద కాలేజీల కోచ్‌లు నేరుగా మాట్లాడొచ్చు, కానీ చూడ్డం మాత్రం అంతకు చాలా ముందే మొదలవుతుంది. సరే, అంతా అయ్యాక వచ్చేది ఎంత? పోయినేడు రూల్స్ మారేదాకా డివిజన్ వన్, అంటే ఆటల్లో అన్నిటికంటే పై స్థాయి కాలేజీకి ఆడపిల్లల సాకర్‌లో మొత్తం 14 స్కాలర్‌షిప్‌లే, వాటినే టీములో అందరికీ ముక్కలు చేసి పంచేవాళ్ళు, కొంతమందికి పుస్తకాల ఖర్చుకి కూడా సరిపోయేది కాదు. ఇప్పుడు చాలా కాలేజీల్లో ఆ లెక్క పోయి టీముకి 28 మందే అని పరిమితి వచ్చింది. స్కాలర్‌షిప్ వస్తుందని ఇన్నేళ్ళు కట్టే డబ్బు ఏదైనా ఖాతాలో వేసుకుంటే కాలేజీ ఫీజు చాలావరకు వెళ్ళిపోతుంది అని మా ఆయన ఎక్సెల్ షీట్ వేసి చూపించారు, నేను ఎన్ని రకాలుగా చూసినా అందులో తప్పు కనపడలేదు.

ఇంకోటి, మీకు ఆసక్తిగా ఉంటుంది. మగపిల్లల ఫుట్‌బాల్‌లో చిన్నప్పుడు నేర్పించిన క్లబ్‌కి, వాడు ప్రొఫెషనల్ అయినప్పుడు కొంత డబ్బు ముట్టేలా ఫిఫా రూల్ ఉంది, ట్రైనింగ్ కాంపెన్సేషన్ అంటారు. ఆడవాళ్ళ ఫుట్‌బాల్‌కి ఆ రూల్ వర్తించదని వాళ్ళ నిబంధనల్లోనే రాసుంది. అంటే ఒక పేదింటి పిల్లని ఉచితంగా తీసుకుని పదేళ్ళు తయారుచేసినా క్లబ్‌కి ఆ రూల్ కింద రూపాయి రాదు. ఇక వాళ్ళకి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది, మా దగ్గర్నుంచే.

ఇప్పుడు మన పాప సంగతి. ఈసారి వయసు లెక్క కూడా మార్చారు, ఇన్నాళ్ళూ జనవరి నుంచి డిసెంబర్ దాకా పుట్టిన వాళ్ళంతా ఒక గ్రూపు, ఈ 2026 సీజన్ నుంచి ఆగస్టు నుంచి జులై. పాప 2013 అక్టోబర్ కాబట్టి నిన్నటిదాకా గ్రూపులో అందరికంటే చిన్నది, ఇప్పుడు పెద్దవాళ్ళలో ఒకతె. ఒక్కసారిగా అందరి కళ్ళూ దానిమీద పడ్డాయి. టీములన్నీ కలగాపులగం అయిపోయి ట్రైఔట్స్‌కి, అంటే టీము సెలెక్షన్స్‌కి జనం విరగబడి వచ్చారు. నేను వెళ్ళిన రోజు ఎండ మండిపోతోంది, పిల్లలకి సంచిలోంచి నంబర్ చొక్కాలు తీసి ఇచ్చారు, పాపకి మోకాళ్ళ దాకా వేలాడే చొక్కా వచ్చింది, దాని కొస ముడేసుకుని ఆడింది. గీతకి ఇవతల మడత కుర్చీల్లో పేరెంట్స్, మామూలుగా సీజనంతా నవ్వుతూ పలకరించే ఒకావిడ ఆరోజు నాతో మాట్లాడకుండా మా పాప బంతి తాకిన ప్రతిసారీ వాళ్ళ అమ్మాయి వైపు చూసింది. ఆమెని నేనేమీ అనను, ఆమె భయం ఆమెది. పిల్లలు మాత్రం మంచినీళ్ళ బ్రేక్‌లో ఒకరి జడ ఒకరు వేసుకుంటున్నారు.

రెండ్రోజులకి ఆఫర్ మెయిల్ వచ్చింది. ఈసీఎన్ఎల్ టీమ్, మన ఇంటి నుంచి నలభై నిమిషాల డ్రైవ్, 48 గంటల్లో డిపాజిట్ కట్టి సంతకం పెట్టకపోతే సీటు వేరేవాళ్ళకి. క్లబ్ ఫీజు 3,800 డాలర్లు. మీరు విన్న మూడు లక్షల పైచిలుకు అదే. కానీ అది తలుపు దగ్గర టికెట్ మాత్రమే నాన్నా. యూనిఫారం, బ్యాగు, జాకెట్టు వాళ్ళు చెప్పిందే కొనాలి, ఐదొందల డాలర్లు. హ్యూస్టన్, ఆస్టిన్, శాన్ ఆంటోనియో వెళ్ళి ఆడాలి, పైన షోకేస్‌లకి విమానాలు. టోర్నమెంట్లకి వాళ్ళు చెప్పిన హోటల్లోనే దిగాలని షరతు చాలాచోట్ల, పక్క వీధిలో సగం ధరకి రూమ్ దొరికినా కుదరదు. మళ్ళీ అందరి పిల్లలూ ప్రైవేట్ కోచింగ్‌కి వెళ్తారు, గంటకి ఎనభై డాలర్లు, మనం వెళ్ళకపోతే వెనకబడతామేమోనని గుబులు. అంతా కూడితే పదివేలు దాటుతోంది, ఏడాదికి. తొమ్మిది లక్షల పైనే. ఒక్క పిల్లకి, ఒక్క ఆటకి.

మాకు ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి, పళ్ళబిగువున కట్టగలం. నన్ను నిద్రపోనివ్వనిది వేరే. పాప టీములో ఒక పిల్ల ఉండేది, వాళ్ళది హోండురస్, తండ్రి ఇళ్ళ కప్పులు వేసే పని చేస్తాడు. ఎడమ కాలు ఆ పిల్లది. మీరు చూసుంటే సైకిల్ దిగి నిలబడిపోయేవాళ్ళు. బంతి వచ్చేముందే తల తిప్పి ఎవరెక్కడున్నారో చూసుకునేది, అది ఎవరూ నేర్పింది కాదు. మన పాప గోల్స్ సగం ఆ పిల్ల ఇచ్చిన పాస్‌లవే. క్లబ్ వాళ్ళు ఫీజులో సాయం చేశారు, నిజమే, కానీ ప్రయాణాలూ హోటళ్ళూ సాయంలో రావు, వాళ్ళ నాన్నకి శనివారం కూడా పనే. కొన్నిసార్లు మేమే కార్లో తీసుకెళ్ళాం. ఆ ఇంటి వాళ్ళకి రోజూ ఒకరి దగ్గర సాయం తీసుకోవడం కష్టంగా ఉండేది, వాళ్ళమ్మ ప్రతిసారీ డబ్బా నిండా ఏదో ఒకటి వండి పంపేది. ఈసారి ట్రైఔట్స్‌కి ఆ పిల్ల రాలేదు. ఆదివారాలు పార్కులో వాళ్ళ కజిన్స్‌తో ఆడుతోందట. ఏ కాలేజీ కోచూ ఆ పార్కుకి రాడు.

హోప్ సోలో అని గోల్‌కీపర్, 2015 వరల్డ్ కప్ గెలిచిన టీములో ఉంది, 2018లో ఆమే చెప్పింది, నేను ఇప్పుడు చిన్నపిల్లనై ఉంటే మా ఇంట్లోవాళ్ళు ఈ ఖర్చు భరించలేకపోయేవాళ్ళని. అంత పెద్ద ప్లేయర్ ఆ మాట అన్నాక ఎనిమిదేళ్ళు గడిచినా ఫీజులు తగ్గింది లేదు. నిజామాబాద్ సౌమ్య గుగులోత్ ఇండియా టీముకి ఆడుతోందని, 2022లో క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్‌లో చేరిందని మీరే నాకు పేపర్ ఫోటో తీసి పంపారు గుర్తుందా, తండా పిల్ల అని ఎంత మురిసిపోయారు. మన దగ్గర గ్రౌండులు లేవు, డబ్బు లేదు, ఆడపిల్లల్ని పంపరు, వంద లోపాలున్నాయి. ఇక్కడ గ్రౌండ్ మీద పచ్చటి గడ్డి, రాత్రి పదింటికి కూడా లైట్లు, ఇన్ని పెట్టుకుని ఆ ఎడమకాలి పిల్లకి చోటు లేకపోవడం నాకు అస్సలు మింగుడు పడట్లేదు.

ఆఫర్ వద్దని రాసేశాం నాన్నా. ఖర్చు ఒక్కటే కాదు, ఆ టీములో పాప పదిహేడో పద్దెనిమిదో మనిషి, బెంచీ మీద కూర్చోడానికి అంత దూరం తిప్పడం నాకిష్టంలేదు. ఆడపిల్లలకి ఈ వయసులో మోకాలి లిగమెంట్ తెగే ప్రమాదం మగపిల్లల కంటే ఎక్కువని డాక్టర్లు చెప్తూనే ఉన్నారు, ఏడాదంతా విరామం లేకుండా ఆడిస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా. పాపని అడిగితే రెండు నిమిషాలు ఆలోచించి "నాకు మా కోచే కావాలి" అంది. ఇప్పుడున్న క్లబ్‌లోనే రీజనల్ లీగ్ ఆడుతుంది, ఫీజు 2,400 డాలర్లు, ప్రయాణాలు డల్లాస్ చుట్టుపక్కలే, మహా అయితే ఒక్లహోమా. నైన్త్ గ్రేడ్ వచ్చాక గవర్నమెంట్ హైస్కూల్ టీముకి ఆడొచ్చు, దానికి ఇంత డబ్బు అక్కర్లేదు, అక్కడ మాత్రం మీ పద్ధతే, డిస్ట్రిక్ట్ దాటితే రీజియన్, రీజియన్ దాటితే స్టేట్. కాలేజీ కోచ్‌లు అక్కడికి తక్కువ వస్తారట, రాకపోతే రాకపోనీ.

మా స్నేహితుల్లో ఇద్దరు ముగ్గురు, మనవాళ్ళే, "అవకాశం కాలదన్నుకున్నారు" అన్నారు. ఆయన కూడా రెండు రాత్రులు మథనపడ్డారు, ఇంకా పూర్తిగా సమాధానపడలేదు, మీరు ఫోన్ చేసినప్పుడు ఆయనతో కాస్త మాట్లాడండి, మీ మాట వింటారు.

ఇంకొక పని మీద ఉన్నాం. మా టీము పేరెంట్స్ కొందరం కలిసి ప్రయాణాల ఖర్చుకి ఒక చిన్న ఫండ్ పెడదామనుకుంటున్నాం, ఎవరికి ఇచ్చారో మిగతా పేరెంట్స్‌కి తెలియకుండా, మేనేజర్ ఒక్కరికే తెలిసేలా. ఆ ఎడమకాలి పిల్ల వాళ్ళమ్మకి అప్పుడు మొహమాటం ఉండదు. క్లబ్ డైరెక్టర్‌ని అడిగాం, ఆలోచిస్తానన్నాడు, వచ్చేవారం మళ్ళీ వెళ్తున్నాం. మీరు బస్సు ఛార్జీలు ఇచ్చేటప్పుడు పిల్లల ఆత్మాభిమానం దెబ్బతినకుండా ఎలా ఇచ్చేవాళ్ళో ఒకసారి వివరంగా చెప్పండి, నాకు కావాలి.

జూన్ 11 నుంచి మగవాళ్ళ వరల్డ్ కప్, ఇక్కడ డల్లాస్ పక్కన ఆర్లింగ్టన్‌లోనే తొమ్మిది మ్యాచ్‌లు, టికెట్ల ధర చూసి ఆ ఆశ వదిలేశాం. మీరూ అమ్మా ఇక్కడికొచ్చే టైముకి సెమీఫైనల్ ఉంటుంది, టీవీలో మీరూ పాపా చూడండి. అమ్మ బీపీ మాత్రలు మూడు నెలలకి సరిపడా, డాక్టర్ చీటీతో సహా చేతి సంచిలోనే పెట్టుకోమనండి. మీ విజిల్ ఇంకా ఉంటే అది కూడా తీసుకురండి, పాప అడుగుతోంది.

ఉంటాను,
మీ చిన్నమ్మాయి