టన్నులు చూసి పట్టీ కొనకండి

సంపాదకులకు,

మట్టిబాటల్లో, ఇసుకలో జీపులు తోలే కుర్రకారు గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. బండ్లు, టైర్లు, టెంట్ల గురించి వివరంగా రాశారు. దిగబడిన బండిని లాగే సామాను దగ్గరికొచ్చేసరికి ‘గట్టి తాడొకటి ఉంచుకోండి’ అని ఒక్క వాక్యంతో తేల్చేశారు. విశాఖ రేవులో రిగ్గర్‌గా, అంటే బరువులకు తాళ్లు కట్టి ఎత్తించే పనివాడిగా, చేసి రిటైరైనవాణ్ణి, తాళ్లు, షాకిల్స్ (తాళ్లు తగిలించే U ఆకారపు ఇనప కొక్కేలు) మధ్యే బతికినవాణ్ణి కనుక ఊరుకోలేక రాస్తున్నాను.

మా మేనల్లుడు కొత్తగా మహీంద్రా తార్ జీపు కొన్నాడు. వంజంగి కొండల వైపు వెళ్తానంటూ, దిగబడ్డ బండిని లాగే పట్టీ, కొక్కేలు ఉన్న కిట్టు ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాడు. సంచి మీద ‘15 టన్నులు’ అని పెద్దక్షరాలు. అది తెగే బరువో, ధైర్యంగా వాడుకోదగ్గ బరువో ఎక్కడా రాయలేదు. లోపలున్న కొక్కేల మీద ఒక్క ముద్రా లేదు. రేవులో అలాంటి ఇనుమును ముట్టుకోనిచ్చేవారు కాదు. సరైన షాకిల్ ఒంటి మీదే డబ్ల్యూఎల్ఎల్ (ధైర్యంగా వాడుకోదగ్గ గరిష్ఠ బరువు) అని, పక్కన టన్నులూ ముద్రవేసి ఉంటాయి. ముప్పావు అంగుళం షాకిల్‌కి మామూలుగా 4.75 టన్నులు. అది విరగాలంటే దానికి ఐదారు రెట్ల బరువు పడాలి. ముద్ర లేనిదాన్ని ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

పట్టీలు రెండు రకాలు. పాలిస్టర్ పట్టీ దాదాపు సాగదు. రోడ్డు మీద ఆగిపోయిన బండిని మెల్లగా ఈడ్చుకెళ్లడానికే అది. నైలాన్ పట్టీ 20 శాతం, అల్లిన కైనెటిక్ తాడైతే 30 శాతం దాకా సాగుతాయి. అలా సాగి, తిరిగి ముడుచుకునే ఊపులో దిగబడ్డ బండిని బయటికి పెరుకుతాయి. సాగని పట్టీ కట్టి ముందు బండిని ఊపుగా ఉరికిస్తే ఆ కుదుపంతా ఛాసిస్ (బండి అడుగు చట్రం) మీదా కొక్కెం మీదా పడుతుంది. అలాగని మరీ లావుది కొన్నా లాభం లేదు, తేలిక బండికి అది సాగనే సాగదు. రెండు బండ్లలో తేలికదాని మొత్తం బరువుకు రెండు మూడు రెట్ల దగ్గర తెగే పట్టీ కావాలి. మనుషులు, సామానుతో రెండు టన్నులు దాటే తార్‌కి 6 టన్నులది చాలు. మావాడి 15 టన్నుల పట్టీ గడ్డి మోపులు కట్టుకోవడానికి పనికొస్తుందేమో!

అన్నిటికన్నా భయపెట్టింది మీరు వేసిన ఫొటో. అందులో తాడు జీపు వెనకున్న టో బాల్‌కి, ట్రెయిలర్ తగిలించే ఆ గుండుకి, కట్టి ఉంది. ఊపుతో లాగినప్పుడు ఆ గుండు విరిగితే ఫిరంగి గుండే. ఆస్ట్రేలియాలో ఇలా ప్రాణాలు పోయాయి. టూల్ కిట్‌లో వచ్చే మరతిప్పే కొక్కెం కూడా ఈ పనికి కాదు. ఛాసిస్‌కి బోల్టులతో బిగించిన రికవరీ పాయింటు, అంటే పట్టీ తగిలించే గట్టి కొక్కెం, ముందూ వెనకా ఉంటేనే లాగుడు మాట ఎత్తాలి. తగిలించడానికి ఇనప షాకిల్ బదులు తాడుతో అల్లిన సాఫ్ట్ షాకిల్ ఇంకా మంచిది. రెండు పట్టీల్ని మాత్రం షాకిల్‌తో ముడేయకూడదు. లాగేటప్పుడు పట్టీ మధ్యలో తడి గోనెసంచి వేసి, జనాన్ని పట్టీ పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరం పంపాలి. మన దగ్గరేమో పట్టీ పక్కనే నిలబడి వీడియోలు తీస్తారు!

ఆస్ట్రేలియాలో ఈ పట్టీల మీద హెచ్చరికలు, తెగే బరువు ముద్రించడం చట్టప్రకారం తప్పనిసరి. మన ప్రమాణాల సంస్థ కూడా అలాంటి నిబంధన తేవాలి. ఈలోగా మీరు ఆ ఫొటో తప్పని సవరణ వేయండి. కొత్తవాళ్లు ముందు గాలి కొలిచే గేజి, చిన్న కంప్రెసర్, ఒక పార కొనుక్కోమని కూడా రాయండి. ఇసుకలో టైర్లలో 32 పీఎస్ఐ ఉన్న గాలిని 18కి దించి చక్రాల ముందు తవ్వితే చాలాసార్లు బండి తనంతట తానే పైకొస్తుంది. రోడ్డెక్కే ముందు గాలి మళ్లీ నింపుకోవాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత రిగ్గర్,
మల్కాపురం, విశాఖపట్నం